ఐదో దెబ్బకి తుమ్మే ఇంజను

మార్చి 2

మహాజనులకు, మత్స్యజాతికి, పగడపు కులపెద్దలకు, ఈ రికార్డు పుస్తకం కొనిపెట్టిన మా సముద్ర పరిశోధన కేంద్రానికి సాష్టాంగపడి విన్నవించుకునే క్షమాపణ ఏమనగా: ఈ పుస్తకం సముద్రపు చప్పుళ్ళు రాయడానికి ఇచ్చారు. నేను ఇందులో సొంత చప్పుళ్ళు రాసుకోబోతున్నాను. హెడ్‌ఫోన్లు తగిలించుకుని శ్రద్ధగా వింటున్నట్టు కనపడుతూ ఇప్పటికి పదకొండుసార్లు నిద్రపోయినందుకు, పెద్దసారు ఫ్లాస్కులో టీ తాగేసి ఆ మట్టానికి వేన్నీళ్ళు పోసినందుకు, జంతుశాస్త్రంలో పట్టా పుచ్చుకుని కూడా పీతని చూస్తే కుర్చీ ఎక్కుతున్నందుకు, పుట్టినందుకు, పెరిగినందుకు, అన్నిటికీ కలిపి ఒకటే క్షమాపణ. విడివిడిగా చెప్పుకోవాలంటే కాగితం చాలదు.

ఇది ఎవరూ చదవరు. చదివితే తప్పు వాళ్ళది.

ఎందుకు మొదలుపెట్టానంటే, ఇవాళ ఒక చప్పుడు విన్నాను. దాన్ని రాయాల్సిన చోట రాయాల్సినట్టు రాయలేదు.

మార్చి 3

నిన్న పారిపోయాను. ఇవాళ సరిగ్గా రాస్తాను.

భావి చరిత్రకారుల సౌకర్యార్థం నా ఉద్యోగ వైభవం: పగడపు దిబ్బ మీద, ఐదు బారల లోతులో, ఇనప మేకుకి ఒక మైకు కట్టి ఉంటుంది. పదిహేను రోజులకోసారి కేంద్రం పడవలో సరంగు నన్ను అక్కడికి తీసుకెళతాడు. నేను దిగి కార్డు, బ్యాటరీ మార్చి వస్తాను. ఆపైన పదిహేను రోజుల సముద్రాన్ని గదిలో కూర్చుని చెవుల్లో పోసుకుంటాను. పెద్ద చప్పుడు ఎక్కడున్నా కంప్యూటరు ఎర్రగీత పెడుతుంది. అదేమిటో తేల్చడం మనిషి పని. అంటే నా పని. పుస్తకంలో ‘కారణం’ అని ఒక గడి ఉంది. అందులో నాలుగు మాటల్లో ఏదో ఒకటి రాయాలి: ఉరుము, లంగరు, పేలుడు, తెలియదు.

ఆరోగ్యంగా ఉన్న దిబ్బ నిశ్శబ్దంగా ఉండదు. వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు ఎడతెగని చిటపట. చిటికెలేసే రొయ్యలు, పగడాన్ని కొరికే చిలకచేపలు, పేరు తెలియని గొణుగుళ్ళు. చేపలు పట్టడానికి ఎవరైనా పేలుడు మందు కూరిన సీసా విసిరారనుకోండి, ఆ గోలంతా ఒక్కసారి ఆగిపోతుంది. నిండు పెళ్ళిలో ఎవరో ఎవరినో చెంపమీద కొట్టినట్టు.

ఫిబ్రవరి 24, ఉదయం ఆరూ ఇరవై. ముందు ఒక ఇంజను వచ్చింది. నాలుగు దెబ్బలు సరిగ్గా కొడుతుంది, ఐదో దెబ్బకి తుమ్ముతుంది. ఆగింది. నలభై సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత పేలుడు. పావుగంటకి ఇంజను మళ్ళీ మొదలై తుమ్ముకుంటూ వెళ్ళిపోయింది.

మా వీధి ఆడవాళ్ళు ఇంజను చప్పుడు బట్టి ఎవరి పడవో చెప్పేస్తారు. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ చెవి అటు పడేసి, “మీ బావ వచ్చేశాడు” అని స్నానానికి నీళ్ళు పెడుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ పొరబడలేదు. ఐదో దెబ్బకి తుమ్మే ఇంజను ఈ తీరం మొత్తానికి ఒక్కటే ఉంది.

గడిలో ‘ఉరుము’ అని రాశాను.

ఆ రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా ఉరమాలనుకున్న ఉరుముని మనం ఆపలేం కదా.

మార్చి 4

ఉరుమే అయ్యుండొచ్చు.

మార్చి 7

మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్క ఏదో అడిగింది. బావ పలకలేదు. అక్క ఆయనకి కుడివైపు కూర్చుంది.

“ఈ మనిషికి చెవుడొచ్చిందిరా,” అంది నాతో. “ఇంతకన్నా గోడతో కాపురం నయం.”

“వినాల్సినవి వింటున్నాగా,” అన్నాడు బావ.

“ఏం విన్నావు ఈ వారంలో?”

“అన్నానికి రమ్మన్నావు. గొణిగినట్టే అన్నావు, అయినా వినపడింది. వచ్చేశాను.”

నవ్వుకున్నాం. అందరికన్నా నేనే ఎక్కువ నవ్వాను. సీసాలు విసిరేవాళ్ళకి విసిరే చేతివైపు చెవి ముందు పోతుందని సరంగు ఎప్పుడో చెప్పాడు. బావది కుడిచేతి వాటం.

అమ్మానాన్నలు పోయాక అక్క నన్ను పెంచింది. అక్కకి పెళ్ళైనప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. బావ ఇద్దర్నీ కలిపి తెచ్చుకున్నాడు. కొత్తవాళ్ళెవరైనా వస్తే నన్ను చూపించి, “ఒకటి తెచ్చుకుంటే ఇంకోటి ఉచితంగా ఇచ్చారు, వద్దనలేకపోయాను” అంటాడు. ఆ ఉచితానికి ఈత నేర్పింది ఆయనే. ఒకరోజు దిబ్బ మీదకి తీసుకెళ్ళి, ఇంజను ఆపి, తెడ్డుని నీళ్ళలో నిలువుగా దించి, పిడి నా చెవికి ఆనించాడు. “విను. కింద వాళ్ళు కబుర్లాడుకుంటున్నారు.” కర్ర లోంచి చిటపటలు వచ్చాయి. ఆ కబుర్లు విని వల ఎటు వేయాలో చెప్పేవాడు బావ. ఆయన చెప్పిన చోట చేప లేకపోవడం నేను చూడలేదు.

ఇంటర్వ్యూలో పెద్దసారు, “నీకు దీనిమీద ఆసక్తి ఎలా కలిగింది?” అని అడిగితే పుస్తకాలు చదివి అని చెప్పాను. పుస్తకాలు ఏం కాదు, ఆ తెడ్డు.

మార్చి 11

దిబ్బ మీదకి వెళ్ళాం. పేలుడు ఎక్కడ జరిగిందో, క్షమించాలి, ఉరుము ఎక్కడ పడిందో చూడటానికి దిగాను.

‘ముసలమ్మ’ పగిలింది. ముసలమ్మ అంటే మేం పెట్టుకున్న పేరు. ఒక గదంత ఉండే గుండ్రటి పగడం. పెద్దసారు ఒకప్పుడు సన్నగా తొలిచి, లోపలి వరసలు చూసి నాలుగొందల ఏళ్ళ వయసని తేల్చారు. ఇప్పుడు నడినెత్తిన చీలింది. లోపల తెల్లగా ఉంది. సుద్దలా, కొత్తగా. చుట్టూ కొమ్ముల పగడాలు ఉండాలి. అవి లేవు. అలమర మొత్తం గిన్నెలతో సహా నేలమీద బోర్లాపడ్డట్టు ముక్కలు. ఆ ముక్కల మీద రెండు పసుపు చేపలు ఇల్లున్న చోటు చుట్టూ తిరుగుతున్నాయి. ఇల్లు లేదు. అవి మాత్రం పాత గుమ్మం లోంచే వచ్చిపోతున్నట్టు అదే దారిలో తిరుగుతున్నాయి.

పైకొచ్చాక సరంగు నా మొహం చూశాడు. “ఏమైంది అబ్బాయ్?”

“కళ్ళద్దాల్లోకి నీళ్ళు పోయాయి బాబాయ్.”

“ఉప్పునీళ్ళేగా, పోతాయిలే,” అన్నాడు.

మార్చి 12

పెద్దసారు పిలిచారు. విరిగిన ముక్కల్లో బతికున్నవాటిని ఏరి సిమెంటుతో అతికిస్తే కొన్నయినా నిలబడతాయట. వచ్చే శుక్రవారం మొదలుపెట్టమన్నారు. “పేలుళ్ళేమైనా దొరికాయా నీకు?” అని అడిగారు.

“పరిశీలనలో ఉంది సార్.”

“దొరికి మాత్రం ఏం చేస్తాం?” అన్నారు, కిటికీ లోంచి చూస్తూ. కిటికీ అవతల, ప్రహరీ లోపల, కాపలా పడవ దుంగల మీద ఉంది. ఎనిమిది నెలలుగా దానికి ఏదో సామాను రావాలి. టార్పాలిన్ కింద కాకి గూడు పెట్టింది. బయటి జనానికి అది సముద్రంలో తిరుగుతోందనే నమ్మకం. ఆ నమ్మకమే ప్రస్తుతం మా కాపలా.

మార్చి 15

కొత్త కార్డు. ఇంకో రెండు. రెండిటికీ ముందు అదే తుమ్ము.

ఉరుము. ఉరుము.

ఈ ఏడు మార్చిలోనే వానాకాలం వచ్చేసినట్టుంది.

ఒక సంగతి. పేలుళ్ళ మధ్య దిబ్బ చప్పుడు తగ్గింది. పెనం మీద నీళ్ళలా లేదు. వాన వెలిశాక రేకుల మీద అక్కడో చుక్క ఇక్కడో చుక్క పడుతున్నట్టు ఉంది. చేపపిల్లలు చీకట్లో ఆ చిటపట విని ఇల్లు వెతుక్కుంటాయి. ఇంత నెమ్మదిగా పిలిస్తే వాటికి ఏం వినపడుతుంది?

మార్చి 16

బావతో మాట్లాడాను.

ఒడ్డున పడవ నీడలో కూర్చుని వల కన్నాలు కుడుతున్నాడు. ఎడమవైపు కూర్చున్నాను.

“ఏం పగడాల డాక్టరూ, రోగులు కులాసానా?”

“ఒకావిడ పోయేలా ఉంది బావా. నాలుగొందల ఏళ్ళు.”

“నాలుగొందలు బతికాక ఇంకేం కావాల్రా ఆవిడకి? మీ అక్క వంట తింటూ నేను నలభై దాటడమే కష్టంగా ఉంది.”

“ఎవరో సీసా వేశారు.”

“ఎవరో వేసుంటారు.” సూది ఆగలేదు.

“మైకులో పడింది. ఇంజనుతో సహా.”

“ఇంజన్లన్నీ ఒకేలా ఉంటాయిరా.”

“అన్నీ తుమ్మవు.”

అప్పుడు ఆగింది సూది. దారం పంటితో తెంపి, చాలాసేపు ఆ తెగిన కొసని చూస్తూ కూర్చున్నాడు.

“రాసేశావా?”

“ఉరుమని రాశా.”

బావ నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఇద్దరికీ ఉన్న జబ్బే అది.

“పెద్ద పడవలవాళ్ళు అడుగంతా గీకి పట్టుకుపోతున్నారు,” అన్నాడు కాసేపటికి. “మూడు రోజులు వలేస్తే గంపలో అడుగు కనపడుతోంది. మీ మైకుకి ఆ గీకుడు వినపడదా?”

“వినపడుతుంది. అదీ రాస్తున్నాం.”

“రాయండి రాయండి. పుస్తకాలు నిండనీ.”

“బావా, ఈమధ్య తెడ్డు పెట్టి విన్నావా?”

వల దులిపాడు. “విన్నా. ఏమీ వినపడలేదు. చెవి పోయిందో దిబ్బ పోయిందో తెలీలా.”

“మానెయ్ బావా. వత్తి అంటుకుని చేతిలో పేలితే అక్క ఏమైపోవాలి?”

“చూద్దాంలే.”

బావ నిఘంటువులో ‘చూద్దాం’ అంటే ‘కుదరదు’. అప్పుడు ఇంకో మాట చెప్పాను. చిన్న మాటే. బావ మొహం మారింది. “నిజమేనా?” అన్నాడు. “ఆఫీసు మాట,” అన్నాను. తలూపాడు.

ఆ మాట ఇక్కడ రాయక్కర్లేదు. పనిచేస్తే చాలు.

మార్చి 17

బావ సముద్రానికి వెళ్ళలేదు! పడవకి రంగు వేస్తూ కూర్చున్నాడు. నాకు నేనే ఒక శాలువా కప్పుకోవాలి.

మార్చి 18

వెళ్ళాడు. వల తీసుకుని. దిబ్బ వైపు కాదు, అటువైపు. కాసిని చేపలు పడ్డాయి. అక్క, “ఇవి మనకే సరిపోవు” అంది. బావ, “మనం సన్నబడాలిలే” అన్నాడు.

పనిచేసింది. ముసలమ్మా, నువ్వు నాకు రుణపడి ఉన్నావు.

మార్చి 19

నిన్నటికన్నా తక్కువ చేపలు. బావ నవ్వించలేదు.

మార్చి 20, శుక్రవారం

పడవ గుండ్రంగా తిరుగుతోంది.

మార్చి 22

శుక్రవారం ఎనిమిదిన్నరకి సరంగూ నేనూ వెళ్ళాం, పగడాల ముక్కలు అతికించడానికి. సిమెంటు బకెట్లో కలుపుతున్నాను. కనపడటానికి ముందే వినపడింది. ఐదో దెబ్బకి తుమ్ము.

“మీ బావేగా?” అన్నాడు సరంగు. “ఇక్కడ తిరుగుతున్నాడేంటి?”

పడవ గుండ్రంగా తిరుగుతోంది. చుక్కాని ఒక పక్కకి ఒరిగిపోయింది. దాని దగ్గర ఎవరూ నిలబడి లేరు. సరంగు మా పడవని దగ్గరికి తెచ్చి తాడు విసిరి అందులోకి దూకాడు. దూకినవాడు కిందకి చూసి, నావైపు చెయ్యెత్తాడు.

“నువ్వు రాకు అబ్బాయ్. అటు తిరిగి కూర్చో.”

“బాబాయ్…”

“చెప్పిన మాట విను. అటు తిరుగు.”

తిరిగాను. బకెట్ ఉంది. సిమెంటు కలపడం ఆపితే గట్టిపడిపోతుంది, ఇక దేనికీ పనికిరాదు. కలిపాను. సరంగు ఇంజను ఆపాడు. కలుపుతూనే ఉన్నాను.

బావ పడవని తాడుతో లాక్కొచ్చాం. వచ్చింది సరంగు ఇంజను చప్పుడు కాబట్టి అక్క బయటికి రాలేదు. తన ఇంజను కాదు కదా. పెరట్లో ఉంది. పిలవడానికి నేనే వెళ్ళాల్సి వచ్చింది.

మార్చి 24

ఇంటినిండా జనం. ఎవరో నా భుజం తట్టి, “ఇక అక్కకి నువ్వే దిక్కు” అన్నారు. పాపం అక్క.

మార్చి 26

పెద్దసారు దగ్గరికి వెళ్ళి నిలబడి, ఉరుముల సంగతి చెప్పేశాను. మూడూ బావవేనని. ఉద్యోగం తీసేస్తే తీసేయమన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “తెలుసయ్యా. మూడు ఉరుములు, ఒక్క చినుకు లేదు. నేను చూడలేదనుకున్నావా?”

“మరి అడగలేదేం సార్?”

“నీ అంతట నువ్వే చెబుతావని చూశాను. అడిగుంటే మీ బావ బతికుండేవాడేమో. ఇందులో నా తప్పూ ఉంది. నువ్వొక్కడివే మొయ్యకు.”

నన్ను కూర్చోబెట్టి టీ తాగించారు. సొంత ఫ్లాస్కులోది, తన కప్పుతో. నిజంగా మంచి మనిషి. క్షమాపణ అడగ్గానే దొరికింది.

చెప్పాల్సింది చెప్పేశాను. ఇంకేం లేదు.

మార్చి 27

కార్డు తెచ్చాను. ఇంకెవరికైనా ఇస్తానన్నారు సారు. వద్దన్నాను. ఆ ఇంజను ఇంకెవరికి అర్థమవుతుంది?

20వ తేదీ ఎర్రగీత లేదు. రెండుసార్లు చూశాను. లేదు. నీళ్ళ పైన పేలింది కదా. కంప్యూటరు లెక్కలో అది పెద్ద చప్పుడే కాదు.

చెవితో వెతికాను. ఐదూ యాభై ఎనిమిదికి ఇంజను వచ్చింది. మిగతా మూడుసార్లూ ఇంజను ఆగింది. ఆపి, నిలబడి, చేపల గుంపు ఎటుందో చూసుకుని, నెమ్మదిగా వత్తి వెలిగించి విసిరేవాడు. నలభై సెకన్లు పట్టేది. ఈసారి ఆపలేదు. విసిరిన వెంటనే వెళ్ళిపోవడానికి ఇంజను ఆడుతూనే ఉంచాడు. వత్తి కూడా పొట్టిగా కోసుకున్నాడని, మిగిలిన ముక్క పడవలో దొరికిందని సరంగు చెప్పాడు.

ఆరూ తొమ్మిదికి, ఎక్కడో పక్కింట్లో పీట పడ్డట్టు ఒక చప్పుడు. అంతే.

ఆ తర్వాత ఇంజను దగ్గరికి వచ్చింది. దూరం వెళ్ళింది. దగ్గరికి వచ్చింది. రెండు గంటల ఇరవై నిమిషాలు. నేను ముందుకి జరపలేదు. మొత్తం విన్నాను. తర్వాత సరంగు ఇంజను వచ్చింది. తర్వాత తుమ్ము ఆగిపోయింది.

దిబ్బకి ఏమీ కాలేదు. ఈసారి అది ఒక్క క్షణం కూడా ఊరుకోలేదు. రొయ్యలు చిటికెలేస్తూనే ఉన్నాయి, బావ పోతున్నప్పుడు, పోయాక కూడా.

కారణం గడిలో ‘పేలుడు’ అని రాశాను.

మార్చి 29

సాయంత్రం అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. నావైపు చూడకుండానే అడిగింది.

“ఆ రోజు పొద్దున్నే లేపి మరీ చెప్పాడ్రా. ఆరున్నరలోపు పని ముగించుకుని వచ్చేస్తానని. ఎప్పుడైనా టైము చెప్పిన మనిషేనా? ఇంకాస్త వెలుగొచ్చాక వెళ్ళమన్నా. ఆరున్నర దాటకూడదు అన్నాడు. చెప్పులు కూడా వేసుకోలా.” గుమ్మం పక్కనున్న ఆ చెప్పుల్ని సర్దింది. “ఆరున్నరకి ఏముందిరా?”

“తెలీదక్కా,” అన్నాను.

“నీకు తెలియంది ఏముంటుంది, అక్కడే పనిచేస్తావు, నీకేమైనా చెప్పాడేమో అనుకున్నా.”

“లేదక్కా.”

లేచి లోపలికి వెళ్ళింది. నేను ఈ గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను.

నేను బావకి చెప్పిన చిన్న మాట ఇది. కాపలా పడవ బాగైపోయిందని చెప్పాను. మంగళవారం నుంచి రోజూ సరిగ్గా ఆరున్నరకి దిబ్బ మీదకి వస్తుందని, దొరికితే పడవ లాక్కుని జైల్లో వేస్తారని చెప్పాను. అదంతా అబద్ధం. ఆ పడవ దుంగల మీదే ఉంది. ఉత్తినే ‘వస్తుంది’ అంటే బావ నవ్వేస్తాడని, ఒక గంట కూడా తగిలిస్తే నిజంలా ఉంటుందని, ఏడున్నర అందామా ఆరున్నర అందామా అని ఒక్క క్షణం ఆలోచించి, ఆరున్నర అన్నాను. చెప్పినప్పుడు నా తెలివికి నాకే ముచ్చటేసింది. భయపడి మానేస్తాడనుకున్నాను. రెండు రోజులు దాదాపు ఖాళీ గంపతో వచ్చాక, ఆయన నా గంటని నమ్మి, దానికి ముందే ముగించాలని తొందరపడ్డాడు.

ఉరుములు రాయడం కాదు. ఇది నేను చేశాను. ఆరున్నరకి ఏమీ లేదక్కా.